నలభై మైళ్ళు

మార్చి 25

చిన్నా,

రేపు మీ దగ్గరికి విమానం వస్తోంది, మళ్ళీ రెండు వారాల దాకా లేదు. ఈ ఉత్తరం పైలట్ చేతికే ఇస్తాను, టపా సంచిలో వెయ్యను.

పద్నాలుగో తేదీన మీ అక్కని రన్‌వే అవతల నేలలో ఉంచామని రేడియోలో చెప్పావు. గాలి హోరులో మాట సరిగా వినబడలేదు. "సరే" అన్నాను. ఇంకేదైనా అనాల్సింది. గదిలో నలుగురున్నారు.

సర్జన్‌ని తీసుకుని మంచు విడవగానే మళ్ళీ బయల్దేరాల్సిన విమానాన్ని పదమూడు సాయంత్రమే రద్దు చేశారు. ఇక అవసరం లేదన్నారు. అది నిజమే.

సెలవు తీసుకోమన్నారు కానీ ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాను. మీ అక్క మీ దీవికి బయల్దేరే ముందు ఏ రోజు నేనేం చెయ్యాలో రోజుకొక చీటీ రాసి అలమర తలుపుకి అంటించింది. పన్నెండో తేదీ చీటీ మీద "ఈరోజు నేనొస్తున్నాను. పాలు రెండు ప్యాకెట్లు తీసుకోండి" అని ఉంది. మిగతావి తీసేశాను.

ఆమె కళ్ళజోడు, బూడిదరంగు స్వెటరు పంపు. తిరుగు టికెట్ కనబడితే అది కూడా.

ఇంకొకటి. పన్నెండో తేదీ నీ వాతావరణ రిజిస్టర్ పేజీ, ఉదయం పది నుంచి పదకొండు దాకా, ఎత్తి రాసి పంపు. నిమిషాలతో సహా.

నర్సుగా మీ ఆవిడ చెయ్యగలిగిందంతా చేసిందని నాకు తెలుసు. నేనన్నానని చెప్పు.

బావ

మార్చి 26

బావగారికి,

విమానం ఇక్కడ ఉండేది గంట. ఆ గంటలోనే సరుకులు దించుకోవాలి, సంచి కట్టాలి, మీకు జవాబు రాయాలి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. అక్క ఉంటే "కోడి గెలికినట్టు రాశావేంట్రా" అనేది.

కళ్ళజోడు పెట్టెలో పెట్టి పంపుతున్నాను. టికెట్ అందులోనే మడిచి ఉంది. స్వెటరు పంపలేను బావా. చలేస్తోందంది. అది వేసే ఉంచాం.

తొమ్మిదేళ్ళ తర్వాత చూసిందా, విమానం మెట్లు దిగుతూనే నన్ను వాయించేసింది. "వెయ్యీ నూట నాలుగు మైళ్ళు వచ్చానురా, ఎదురొచ్చి సంచి అందుకోవాలని తెలీదూ?" అంది. లెక్క మీరే చెప్పి పంపారట. "తమ్ముడి ఊరు ఎంత దూరమండీ అని వీడు ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ అడుగుతున్నాను, అప్పట్నుంచీ మైళ్ళే చెబుతారు. మైళ్ళు నాకెందుకు, ఎప్పుడు తీసుకెళ్తారో చెప్పాలి గానీ" అని మా ఆవిడతో చెప్పి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

మొదటి వారమంతా నా వెనకే తిరిగింది. కొండ మీద సున్నం కొట్టిన మూడు రాళ్ళేంటని అడిగితే చెప్పాను. కింది రాయి వంద అడుగుల ఎత్తు, మధ్య రాయి రెండొందలు, పై రాయి మూడొందలు. పై రాయి కనబడితేనే విమానం దిగొచ్చు, అది మంచులో ఉంటే దిగకూడదు. "ఇంత చదువు చదివి రాళ్ళు చూసే ఉద్యోగమా!" అంది. సముద్రం మీద సగం దారి దాటాక తిరుగు గీత ఒకటుంటుందని, అది దాటాక వెనక్కి రావడానికి ఇంధనం చాలదని, అందుకే పైలట్ ఆ గీత దగ్గరికి రాగానే పై రాయి కనబడుతోందా అని రేడియోలో నన్నడుగుతాడని, లేదంటే అక్కడి నుంచే వెనక్కి పోతాడని చెప్పాను. "ఆ గీత సంగతి నాకు చెప్పకు. దాన్ని పెట్టిందే నేను" అంది. ఆఫీసులో మ్యాపు మీద బావ గీసే గీత కూడా తనదేనంటోంది చూడు అని ఏడిపించాను.

పేజీ అడిగారు. ఎందుకో నాకు తెలుసు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

10.00 కింది రాయి మాత్రమే.
10.15 కింది రాయి. మధ్యది ఉండీ లేనట్టు.
10.30 మధ్య రాయి దాకా.
10.40 మధ్య రాయి దాకా. గీత దగ్గర నుంచి విమానం అడిగింది. పై రాయి లేదని చెప్పాను.
10.47 పై రాయి కనబడింది. చెప్పాను.
10.50 మూడు రాళ్ళూ, కొండ కొన.

నలభై ఏడుకి కనబడగానే చెప్పాను బావా, క్షణం ఆలస్యం చెయ్యలేదు. మీ వైపు నుంచి కాసేపు ఏ జవాబూ లేదు. తర్వాత "విమానం వెనక్కే వస్తోంది" అన్నారు.

ఆ సాయంత్రం నాలుగింటికి అక్కకి నొప్పి ఉన్నట్టుండి పోయింది. లేచి కూర్చుని టీ అడిగింది. నేను సంబరపడ్డాను. మా ఆవిడ మాత్రం బయటికెళ్ళి గోడకానుకుని నిలబడింది. అపెండిక్స్ పగిలితే నొప్పి అలాగే పోతుందని నాకు తర్వాత చెప్పింది.

పిలుస్తున్నారు. ఉంటాను.

మీ చిన్నా

ఏప్రిల్ 8

చిన్నా,

పెట్టె చేరింది. స్వెటరు విషయంలో మంచిపని చేశారు.

కళ్ళజోడు ఎడమ అద్దం మీద బొటనవేలి ముద్ర ఉంది. తుడవలేదు.

నీ పేజీ చూశాను. కొన్ని అడగాలి.

10.47కి పై రాయి మొత్తం కనబడిందా, అంచు మాత్రమేనా? నలభైకీ నలభై ఏడుకీ మధ్య నువ్వు బయటే ఉన్నావా, లోపలికెళ్ళి వచ్చావా? మా వైపు నుంచి జవాబు కాసేపు లేదన్నావు. ఎంతసేపు? నీ గడియారం ప్రకారం రాయి.

నేను ఆ విమానం ఎందుకెక్కలేదని మీ ఆవిడ అడిగిందని పైలట్ చెప్పాడు. నా బరువు డెబ్బై రెండు కిలోలు. సర్జన్, మత్తు డాక్టరు, వాళ్ళ పెట్టెలు ఎక్కాక నేనూ ఎక్కితే ఆ మేరకు ఇంధనం తగ్గించాలి. గీత పదిహేను మైళ్ళు మావైపుకి జరుగుతుంది. ఆ పదిహేను మైళ్ళే అవసరం పడతాయేమో అనుకున్నాను. ఎక్కలేదు.

నా కుర్చీలో ఇప్పుడు జూనియర్ కూర్చుంటున్నాడు. పన్నెండున, భార్య విషయం కాబట్టి నువ్వు గీత లెక్క కట్టకూడదని మా ఆఫీసు పెద్దాయన నన్ను లేపి అతన్ని కూర్చోబెట్టాడు. మళ్ళీ కూర్చోమంటున్నారు. కిటికీ పక్క బల్ల బావుందని చెప్పాను. జూనియర్ ఇదివరకు నా ఎదురుగా కూర్చుని డబ్బా విప్పేవాడు. ఇప్పుడు మెట్ల మీద తింటున్నాడు. నాతో ఏం మాట్లాడాలో తెలియక కాబోలు.

అడిగినవాటికి జవాబు రాయి.

బావ

ఏప్రిల్ 9

బావగారికి,

జవాబులు ముందే రాసేస్తాను. మొత్తం రాయి కనబడింది. నేను బయటే ఉన్నాను, కొండ మీద నుంచి కన్ను తియ్యలేదు. మీ వాళ్ళ జవాబు పది యాభైకి వచ్చింది. మూడు నిమిషాలు. చాలా? ఇంకేమైనా కావాలంటే నా గడియారం కూడా పంపుతాను, సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోండి.

కోపంగా రాస్తున్నానని నాకు తెలుసు. చింపి మళ్ళీ రాయడానికి గంటే టైముంది.

మీరు తిట్టినా బావుండేది. "నీ వల్లే పోయింది" అని ఒక్క ముక్క రాసినా నిద్ర పట్టేదేమో. మీరేమో అంచు కనబడిందా, మొత్తం కనబడిందా అని అడుగుతున్నారు. మీ పెళ్ళయిన కొత్తలో మీ ఇంటికొచ్చినప్పుడు నా లెక్కల పరీక్ష కాగితం ఇలాగే దిద్దారు. ఎన్ని తప్పులో చెప్పలేదు. తప్పున్న చోటల్లా పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టారు. మీ ఉత్తరం నిండా ఆ చుక్కలే కనబడుతున్నాయి.

మీరు అడగని సంగతి కూడా రాస్తాను. పది నలభైకి అక్క నా పక్క గదిలో మంచం మీద ఉంది. తలుపు తీసే ఉంది. పైలట్ అడగడం తనకీ వినబడింది. "కనబడిందని చెప్పెయ్యరా, వచ్చేసరికి కనబడుతుందిలే" అంది. నొప్పిలో కూడా నవ్వుతూనే అంది. నేను కొండ వైపు చూశాను. రాయి లేదు. లేదని చెప్పాను. పంతొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా లేనిది ఉందని చెప్పలేదు బావా. మొదటిసారి చెప్పాల్సిన రోజున కూడా చెప్పలేదు. ఏడే ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల అబద్ధం ఆడి ఉంటే సర్జన్ పన్నెండున్నరకల్లా దిగేవాడు.

ఇప్పుడు పొద్దున లేచి కొండ వైపు చూడలేకపోతున్నాను. రాజీనామా రాసి పెట్టాను. మే నెల సంచిలో పంపిస్తాను. ఇంకెవరైనా వచ్చి రాళ్ళు చూసుకుంటారు. మా ఆవిడ ఇక్కడి జనాన్ని వదిలి రానంటోంది. అదింకో గొడవ.

చిన్నా

ఏప్రిల్ 22

చిన్నా,

రాజీనామా పంపకు.

పన్నెండున నువ్వు చేసిందాంట్లో తప్పు లేదు. ఊరడించడానికి రాయడం లేదు. లెక్క చూసి రాస్తున్నాను.

మిగతాది ఉత్తరంలో రాసేది కాదు. ఎదురుగా కూర్చుని చెప్పాలి. మే ఏడు విమానంలో వస్తున్నాను. రిజిస్టర్ దగ్గర పెట్టుకో. మీ ఆవిడని కూడా ఉండమను. ఆవిడా వినాల్సిందే.

మొన్న మీ అక్క అలమర సర్దాను. చలికోట్లు, గొడుగులు, మూడు టార్చిలైట్లు. ఒకటి పాడైతే ఇంకొకటి, అదీ పాడైతే మరొకటి అనేది. మూడింట్లోనూ బ్యాటరీలు చచ్చిపోయి ఉన్నాయి.

ఏమీ వండించకు. పడుకోవడానికి కింద చాప చాలు.

బావ

ఏప్రిల్ 23

బావగారికి,

రండి.

రిజిస్టర్ బల్ల మీదే ఉంటుంది. మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. "అన్నయ్యగారు తిట్టడానికి వస్తున్నట్టు లేదు" అంటోంది. తనకి మీరంత బాగా తెలీదు. మీరు తిట్టరు. లెక్క చూశానన్నారు. దాన్ని నా ముందు పెట్టి, ఏ నిమిషంలో ఏం చేసి ఉండాల్సిందో వేలితో చూపిస్తారు. "తప్పు లేదు" అంటూనే చూపిస్తారు.

చాప ఉంది.

చిన్నా

మే 9

బావగారికి,

అనుకోకుండా సరుకుల ఓడ ఒకటి వచ్చింది. కెప్టెన్ ఈ ఉత్తరం తీసుకెళ్తానన్నాడు. పది రోజుల్లో మీకు చేరుతుందట. రేడియోలో చెప్పేది కాదు, మీ గదిలో అందరూ వింటారు.

మొన్న ఏడో తేదీ పది నలభైకి పైలట్ అడిగాడు. "మీ బావగారు వెనక సీట్లో ఉన్నారు, కిటికీలోంచి తల తిప్పట్లేదు" అని కూడా అన్నాడు. నేను మైకు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను.

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది బావా. మూడు రాళ్ళూ కనబడుతున్నాయి. కొండ మీద మేస్తున్న మేకల్ని లెక్కపెట్టొచ్చు. ఏడున్నాయి.

"పై రాయి లేదు" అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. మీరు మెట్లు దిగి, చెప్పులు విప్పి, బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్ తెరవడం కళ్ళ ముందు కనబడింది. ఆ అవతల అక్కని ఉంచిన చోటు. అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. పైలట్ "సరే, వెళ్తున్నాం" అన్నాడు. అంత తేలిగ్గా అయిపోయింది. ఇంత తేలికని నాకిన్నాళ్ళూ తెలీదు.

మా ఆవిడ ఉతికిన దుప్పట్లు పట్టుకుని వెనకే నిలబడింది. ఒకసారి కొండ వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. "వదిన కోసం ఆడని అబద్ధం నీ కోసం ఆడావా?" అంది. అంతే. రెండు రోజులైంది, నాతో మాట్లాడట్లేదు. ఆ విమానంలో తనకి మందులు రావాలి. ఇద్దరు ముసలాళ్ళు వాటి కోసమే ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నారు. ఓడవాళ్ళని అడిగి కొన్ని సంపాదించింది.

పెద్దాయనకి చెప్పాలనుకుంటే చెప్పండి. నేను కాదనను. మీరు నాతో చెప్పాలని వచ్చింది ఏదైనా సరే, ఇప్పుడు దానికి తగినవాణ్ణే అయ్యాను.

చిన్నా

మే 20

చిన్నా,

నిన్న ఓడ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

నేను నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. నా తప్పు చెప్పడానికి వచ్చాను. ఎదురుగా చెప్పాలనుకున్నాను, కుదరలేదు. రాస్తున్నాను.

పంతొమ్మిదేళ్ళ కిందట నువ్వు ఆ దీవికి ఉద్యోగానికి బయల్దేరిన వారం, ఇంట్లో బల్ల మీద మ్యాపు పరిచి ఆ దారికి మొదటిసారి పట్టిక తయారు చేస్తున్నాను. ఇంత గాలికి, ఇంత బరువుకి గీత ఎక్కడ పడాలో చూపించే పట్టిక. మీ అక్క వచ్చి ఆ గుండుసూది ఏంటంది. అది దాటితే వెనక్కి రాలేరని చెప్పాను. "సరిగ్గా అక్కడేనా? ఏమీ మిగలకుండా?" అంది. రేడియో చెడిపోయినప్పటికీ, గాలి మారినప్పటికీ అదనంగా ఎంత ఉంచాలో రూల్స్ ఉన్నాయి, అదంతా పోయాకే ఈ సూది అని చెప్పాను. వినలేదు. సూది పక్కన బొటనవేలు ఆనించి, వేలికి ఇవతల సూది గుచ్చింది. "మా వాడు ఎక్కే విమానమండీ. ఇక్కడ పెట్టండి" అంది.

ఆ వేలి వెడల్పు మ్యాపు కొలతలో నలభై మైళ్ళు.

నవ్వి అలాగే ఉంచేశాను. నువ్వు దిగాక తీసేద్దామనుకున్నాను. తియ్యలేదు. పట్టిక ఆఫీసుకి వెళ్ళింది, అచ్చయింది. అందులో ప్రతి గీతా నలభై మైళ్ళు వెనకే ఉంది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. గీత తనదేనని మీ అక్క నీతో అన్నది సరదాకి కాదు.

ఇప్పుడు పన్నెండో తేదీ. విమానం నిమిషానికి నాలుగు మైళ్ళు పోతుంది. అసలు గీత దగ్గర ఉండి ఉంటే పైలట్ నిన్ను అడగాల్సింది పది నలభైకి కాదు, పది యాభైకి. అప్పటికి మూడు రాళ్ళూ, కొండ కొన. నీ చేత్తో నువ్వే రాశావు.

ఆ పొద్దున జూనియర్ పట్టిక తీసుకుని లెక్క కడుతుంటే పక్కనే నిలబడ్డాను. నలభై మైళ్ళు నాకు గుర్తు రాలేదు. నా బరువు పదిహేను మైళ్ళ లెక్క గుర్తుంది, ఇది గుర్తు లేదు. నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం.

ఇంతవరకే అయితే ఉత్తరంలో రాసి ఉండేవాణ్ణి.

నలభై ఏడుకి నువ్వు చెప్పగానే పైలట్ మా గదిని అడిగాడు: "దీవి తెరుచుకుందట, మళ్ళీ అటు తిప్పమంటారా?" అప్పటికి ఏడు నిమిషాలు వెనక్కి వచ్చేశాడు. గీత దగ్గరికి మళ్ళీ చేరడానికి ఇంకో ఏడు. పద్నాలుగు నిమిషాల ఇంధనం ఖర్చు. తిరిగొచ్చేందుకు సరిపడా లేకుండా గీత దాటకూడదన్నది రూలు. జూనియర్ లెక్క కట్టాడు, మళ్ళీ కట్టాడు. రెండుసార్లూ పద్నాలుగు నిమిషాలు తక్కువే వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. నలభై మైళ్ళంటే పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది. పట్టికలో లేని ఇరవై నిమిషాల ఇంధనం ఆ విమానంలో ఉంది. పద్నాలుగు పోయినా ఆరు మిగులుతుంది. ఆ గదిలో అది తెలిసింది నాకొక్కడికే. "ఉంది, తిప్పమను" అంటే చాలు.

అనలేదు.

ఎందుకని నన్ను నేను అడగని రోజు లేదు. పంతొమ్మిదేళ్ళుగా నా పట్టిక తప్పని అందరి ముందూ ఒప్పుకోవాలి. పెళ్ళాం కోసం మైళ్ళు పుట్టిస్తున్నాడనుకుంటారు. విమానంలో నలుగురున్నారు, మంచు మళ్ళీ దిగితే? ఇవన్నీ అనుకున్నాను. ఏది ముందు అనుకున్నానో సరిగ్గా చెప్పలేను. సిగ్గే ముందనుకుంటాను. రేపు ఎలాగూ విమానం వెళ్తుందిలే అని కూడా అనుకున్నాను. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. అటు విమానం వెనక్కి వస్తూనే ఉంది. వెనక్కి వచ్చే ఒక్కో నిమిషానికీ రెండేసి నిమిషాల ఇంధనం పోతుంది. ఆరు నిమిషాల మిగులు మూడు నిమిషాల్లో అయిపోయింది. యాభైకి జూనియర్ "వద్దు, వచ్చెయ్యండి" అన్నాడు. అప్పటికి అతను చెప్పింది నా లెక్క ప్రకారం కూడా సరైందే.

మూడు నిమిషాలు అవునో కాదో తేల్చుకోవడానికే నీ గడియారం అడిగాను. నిన్ను అనుమానించి కాదు. నా జ్ఞాపకం నన్ను వెనకేసుకొస్తోందేమో, అది రెండు నిమిషాలే అయుంటుందేమో అని. రెండే అయితే జూనియర్ వద్దన్నాక కూడా ఇంధనం మిగిలే ఉండేది, అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా అని. మూడే.

పోయిన సోమవారం పెద్దాయనకి నలభై మైళ్ళ సంగతీ ఆ మూడు నిమిషాల సంగతీ చెప్పాను. శిక్ష పడుతుందనుకున్నాను. "జాగ్రత్త ఎక్కువైతే తప్పేముందయ్యా" అన్నాడు. టీ తెప్పించాడు. పట్టిక మార్చమన్నాడు. మార్చాను. రేపటి విమానం నుంచి గీత ఉండాల్సిన చోటే ఉంటుంది. సూదిని మీ అక్క వేలి అవతలికి నేనే జరిపాను.

ఏడో తేదీన గీత దాకా వచ్చాను. మీ అక్క పెట్టిన చోటికి అదే ఆఖరుసారి. పంతొమ్మిదేళ్ళు గీసినవాణ్ణి, ఎప్పుడూ చూడలేదు. పైలట్ "ఇదేనండీ మీ గీత" అన్నాడు. నీళ్ళు తప్ప ఏమీ లేవు. వెనక ఎలా ఉన్నాయో ముందూ అలాగే ఉన్నాయి. పక్క సీటులో ఆవిడెవరో వెనక్కి పోతున్నామని తెలిసి, ఒళ్ళో పెట్టుకున్న మొక్క కుండీని కింద పెట్టేసింది.

నీ ఏడో తేదీ సంగతి పెద్దాయనకి చెప్పను. చెప్పాలనుకుంటే నువ్వు చెప్పు. రిజిస్టర్‌లో ఆ రోజు పేజీ మాత్రం సరిదిద్దు. మందుల కోసం కూర్చున్న ఇద్దరినీ కూర్చోబెట్టింది నువ్వొక్కడివే కాదు. నా ఉత్తరం సరిగ్గా రాసి ఉంటే నువ్వు భయపడేవాడివి కావు.

రేపు రావడం లేదు. ముందు నువ్వు ఇది చదవాలి. జూన్ నాలుగు విమానంలో వస్తాను. మీ అక్కని చూడాలి. నువ్వు ఇంట్లోకి రావద్దంటే అక్కడి నుంచే అదే విమానంలో వెళ్ళిపోతాను, గంట టైముంటుంది. పది యాభైకి నిన్ను అడుగుతారు. నా కోసం ఏమీ ఆలోచించకు. ఆకాశం ఎలా ఉంటే అలా చెప్పు.

బావ

మే 21

బావగారికి,

విమానం కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. మిగతా యాభై నిమిషాలూ మీ ఉత్తరానికే సరిపోయాయి. సరుకులు మా ఆవిడ దించుకుంది. పైలట్ రెక్క కింద నిలబడి గడియారం చూస్తున్నాడు.

మొదటి కాగితం చదువుతుంటే ఏడుపొచ్చింది. అక్క వేలు నాకు కనబడింది. చివరి కాగితాలకొచ్చేసరికి లేచి ఉత్తరం స్టవ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ లాక్కుని జాకెట్లో పెట్టుకుంది. "చదివావు. కాలిస్తే చదవనట్టవుతుందా?" అంది. పద్నాలుగు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

ఒక సంగతి మీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. మంచికి చెబుతున్నానో, కసికి చెబుతున్నానో నాకే తెలీదు. పది నలభై ఏడుకి పై రాయి కనబడగానే లోపలికి కేకేసి అక్కకి చెప్పాను. "ఇంకేంరా, అక్కడ మీ బావ ఉన్నారుగా" అంది. అని కళ్ళు మూసుకుని కాసేపు పడుకుంది. విమానం వెనక్కి పోయిందని నేను చెప్పలేదు. వస్తోందనే అనుకుంది. మర్నాడు కూడా.

రాజీనామా కాగితం సొరుగులోనే ఉంది. ఏడో తేదీ పేజీ ఇందాకే సరిదిద్దాను, పక్కన సంతకం పెట్టాను. పెద్దాయనకి కూడా ఒక ఉత్తరం ఈ సంచిలోనే వెళ్తోంది.

రమ్మని రాయలేను. రావద్దనీ రాయలేకపోతున్నాను. మా ఆవిడ చాప ఎండలో వేసింది, నేను చెప్పలేదు.

జూన్ నాలుగున పది యాభైకి బయట నిలబడతాను. పై రాయి కనబడితే కనబడిందంటాను. కనబడకపోతే లేదంటాను.

చిన్నా